గోడకు అద్దని చెయ్యి

జిరాక్స్ తీసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఏళ్ళ తరబడి బీరువాలో పడేయొద్దని మా అంగడికి వచ్చే లాయరు గుమాస్తాలందరికీ చెబుతుంటాను. అందులో నల్లగా కనిపించేది సిరా కాదు, పొడి. మిషన్‌లో వేడికి మెత్తబడి కాగితాన్ని పట్టుకుంటుంది. ప్లాస్టిక్ పక్కన బరువుగా నొక్కి పెట్టి, పైన మద్రాసు ఎండాకాలాలు నాలుగు గడిస్తే, ఆ పొడి కాగితాన్ని వదిలిపెట్టి ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. దస్తావేజులో సగం అక్షరాలు కవరు మీద, సగం కాగితం మీద మిగిలి, ఏం చేయాలో తెలియక నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. ఇన్ని తెలిసిన నా ఇంట్లోనే, దేవుడి గూట్లోనే, అది జరిగింది.

ఆ కవర్లో ఉన్నది నా భార్య జయంతి చెయ్యి.

అది ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా నాయన వాళ్ళది మింట్ వీధిలో మిరియాలు, ఎండుకొబ్బరి హోల్‌సేల్ వ్యాపారం. నేను బి.కాం. చదివి కొంతకాలం ఒక ఆడిటరు దగ్గర లెక్కలు రాసి, పెళ్ళయిన తరువాత తంబుచెట్టి వీధిలో చిన్న గది బాడుగకు తీసుకుని జిరాక్స్ అంగడి పెట్టాను. పక్కనే హైకోర్టు. కాగితానికి కరువుండదని జయంతి ధైర్యం చెప్పింది. ఒక ఆఫీసువాళ్ళు తీసేసిన పాత మిషన్ కొన్నాము. రెండు బీరువాలంత ఉండేది.

మా ఇళ్ళలో కొత్త ఇల్లు కానీ కొత్త అంగడి కానీ తెరిచినప్పుడు, ఇంటి కోడలు పసుపు నీళ్ళలో కుడి చెయ్యి ముంచి వాకిలి పక్క గోడకు అద్దుతుంది. ఆ చెయ్యి గోడ మీద ఉన్నన్ని రోజులూ అంతా చల్లగా ఉంటుందని మా వాళ్ళ నమ్మకం. జయంతి ఆ రోజు ఇత్తడి గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చింది. ఓనరు అడ్డం పడ్డాడు. ఇప్పుడే వెల్ల వేయించాను, గోడ మీద ఒక్క మరక పడినా ఒప్పుకోనన్నాడు. ఆమె గిన్నెను కిటికీలో పెట్టి చేతులు కడుక్కుని వచ్చింది.

మెకానిక్ మిషన్‌ను బిగించి, పరీక్షకు ఏదైనా ఒక కాగితం ఇమ్మన్నాడు. తెల్ల కాగితాల కట్టలు తప్ప మా దగ్గర రాసిన కాగితం ఒక్కటీ లేదు. నేను జేబులు వెతుక్కుంటూ ఉంటే ఆమె ముందుకు వచ్చి మిషన్ మూత ఎత్తి, అద్దం మీద కుడి చెయ్యి బోర్లా పెట్టింది.

"గోడ ఆయనది," అంది. "ఈ అద్దం మనదే కదా."

కళ్ళకు వెలుతురు కొట్టకుండా చేతి మీద పైట కొంగు కప్పుకుంది. లోపల దీపం ఆ కొసనుంచి ఈ కొసకు నడిచింది. కాగితం వెచ్చగా బయటికి వచ్చింది. మా అంగడి మొదటి కాపీ అది. చెయ్యి చెయ్యంత ఉంది. అరచేతి గీతలన్నీ పడ్డాయి. బొటనవేలి కింద కత్తిపీటకు తెగిన పాత మచ్చ, కొంచెం లోపలికి వంగిన చిటికెన వేలు, మణికట్టు దగ్గర గాజులు, చుట్టూ ఆమె కట్టుకున్న సుంగుడి చీర మీది అద్దకపు చుక్కలు. జయంతి దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంటికి తీసుకుపోయి, దేవుడి గూట్లో పటాల వెనక నిలబెట్టింది. మిషన్లు మారాయి. ఇప్పుడున్నది నాలుగోదో ఐదోదో. గూట్లో కాగితం మాత్రం కదల్లేదు.

రెండేళ్ళ కిందట ఆమె జ్వరమని ఆస్పత్రికి పోయి, మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆమె ఫోటోలు నాకు లేక కాదు. ఫోన్లో బోలెడున్నాయి. కాంచీపురంలో, మా అక్క మనవరాలి బారసాలలో, మిద్దె మీద వడియాలు పెడుతూ. కానీ ఏ ఫోటోలో అయినా మనిషి నా బొటనవేలంతే ఉంటుంది. చూడ్డానికి పనికొస్తాయి. నాకు చూడ్డం ఒక్కటే కరువు కాదు. సాయంత్రం అంగడి మూసి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని గూటి ముందు నిలబడినప్పుడు, ఆ కవరు తీసి ఒళ్ళో పెట్టుకుని దాని మీద నా చెయ్యి పెట్టేవాణ్ణి. కుడి చెయ్యి పెడితే నా బొటనవేలు ఆమె చిటికెన వేలి మీదికి పోయేది. ఎదురుగా నిలబడి అరచెయ్యి చూపించే మనిషి చెయ్యి అట్లాగే ఉంటుంది మరి. ఎడమ చెయ్యి పెడితే వేలికి వేలు సరిపోయేది. కానీ ఆమెను ఎడమ చేత్తో పట్టుకోబుద్ధి పుట్టేది కాదు. తలకిందులైనా సరేనని కుడి చెయ్యే పెట్టి కాసేపు కూర్చునేవాణ్ణి. రోజంతటిలో ఆ కాసేపు నాకు మంచిది.

పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, గూడు కడగడానికి పటాలన్నీ దించాను. కవరును కిటికీ వెలుతురులో పట్టుకుంటే ఏదో తేడాగా కనబడింది. చిటికెన వేలి కొస లేదు. దాని పక్కన చుక్కల వరుస కూడా లేదు. కాగితం అక్కడ తెల్లగా ఉంది. కవరును కొంచెం వంచి చూస్తే, పోయిందంతా ప్లాస్టిక్ మీద ఉంది. పటాల వెనక నిలబడ్డన్నాళ్ళూ దానికి ఏమీ కాలేదు, రెండేళ్ళుగా రోజూ చెయ్యి పెట్టి నొక్కింది నేనే.

కవరులోకి చెయ్యి పెట్టి కాగితాన్ని లాగబోయాను. చిన్న చప్పుడు వినిపించింది, ఎండిన ఆకు చప్పుడు లాంటిది. అక్కడే ఆపేశాను. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. మా వదినె అమ్మణి, అంటే జయంతి అక్క, మా ఇంటి కింద వాటాలోనే ఉంటుంది. పులుసు గిన్నె తెచ్చిపెట్టి, నా మొహం చూసి, ఏమయిందని అడగలేదు. అన్నం కలిపి కంచం నా చేతికిచ్చి తినేదాకా అక్కడే కూర్చుంది. అడగకుండా కూర్చోవడం అందరికీ చేతనయ్యే పని కాదు.

మరుసటి రోజు కవరును రెండు అట్టల మధ్య పెట్టుకుని అంగడికి తీసుకుపోయాను. ఎవరికి చూపించాలని తీసుకుపోయానో నాకే తెలియదు. రంజిత వచ్చే రోజు అది.

రంజిత గురించి చెప్పాలి. ముప్పై ఏళ్ళుంటాయి. వ్యాసర్పాడి అమ్మాయి. వాళ్ళ నాయన రైల్వే యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. ఆమె మైలాపూరులో ఒక పాత ఇంటి వెనక వాటా తీసుకుని గుడ్డల మీద, కాగితాల మీద బొమ్మలు అచ్చు వేస్తుంది. పాత ట్రాము టిక్కెట్లు, వాళ్ళ తాత రైలు పాసు, మూసేసిన అంగళ్ళ బోర్డుల ఫోటోలు తెచ్చి నా దగ్గర నల్లగా, దట్టంగా కాపీలు తీయించుకుంటుంది. అవి కూడా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. ఇప్పటి మిషన్‌లో దానికి ఒక బటన్ ఉంది. ఎందుకని మొదట్లో అడిగితే, కాపీని గుడ్డ మీద బోర్లా పెట్టి దింపుతాను కదా అంకుల్, అప్పుడు బొమ్మ తిరగబడుతుంది, ముందే తిప్పి పెట్టుకుంటే రెండు తిరుగుళ్ళూ కలిసి సరిపోతాయి అని చెప్పింది. మొదటి నెలంతా ఇద్దరం తమిళంలోనే మాట్లాడుకున్నాము. ఒకసారి నేను ఫోన్‌లో వదినెతో మాట్లాడుతుంటే విని, మీరు మనవాళ్ళా, ఇన్నాళ్ళూ చెప్పరే అని దెబ్బలాడింది. అప్పట్నుంచి తెలుగు, మధ్యలో తమిళం, మధ్యలో ఇంగ్లీషు.

ఆమెకు కవరు చూపించాను. ఎవరి చెయ్యని అడిగింది. చెప్పాను. వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది చెడిపోవడం కాదు అంకుల్," అంది. "నేను చేసే పనే ఇది. పొడి కాగితం మీంచి ఇంకోదాని మీదికి పోతా ఉంది. మీ కవరు మెల్లగా చేస్తా ఉంది, అంతే."

ఆ మాట నాకు ఎందుకో ఓదార్పుగా అనిపించింది. పోతున్నది నాశనం కావడం లేదు, చోటు మారుతోంది. అయితే మారే చోటు ప్లాస్టిక్ కాకుండా గుడ్డ కావచ్చు కదా అని అడిగాను.

కావచ్చు, కానీ దానికి ఈ కాగితాన్నే వాడాలంటే కాగితం మిగలదు, అని వివరంగా చెప్పింది. బొమ్మ మీద తెల్లటి జిగురులాంటి మీడియం పూసి, గుడ్డ మీద బోర్లా అంటించి, ఒక రోజు ఆరనిచ్చి, తరువాత నీళ్ళతో తడిపి వెనకనుంచి కాగితాన్ని వేళ్ళతో రుద్ది రుద్ది తీసేయాలి. పొడి గుడ్డ మీద ఉండిపోతుంది. సరిగ్గా వస్తే వందేళ్ళు ఉంటుంది. సరిగ్గా రాకపోతే రెండో ఛాన్సు లేదు. పాత కాపీలు ఎట్లా వస్తాయో తను కూడా చెప్పలేనంది. అందుకే ముందు దీనికొక కాపీ తీసి, ఆ కాపీతో చేద్దామంది. తిప్పి తీసుకోవచ్చు కాబట్టి చెయ్యి కూడా సరిగ్గా వస్తుంది.

కవరుతో సహా మిషన్ మీద పెట్టి తీశాను. అరచేతి గీతలు పోయాయి. లైట్ తగ్గించి తీశాను. చెయ్యంతా నల్లబడింది. ఫోటో మోడ్‌లో పెడితే గీతలు వచ్చాయి కానీ, దగ్గరనుంచి చూస్తే పేపర్లో అచ్చేసిన ఫోటో మాదిరిగా అంతా చుక్కలు చుక్కలుగా ఉంది. ఆ చుక్కల్లో చీర చుక్కలు ఏవో తెలియలేదు. పాత మిషన్ ఇట్లా చుక్కలు పెట్టేది కాదు. వెలుతురు ఎంత పడితే అంత పొడి నిలిచేది. రంజిత తన దగ్గరున్న మంచి స్కానర్‌లో కూడా పెట్టి చూసింది. ఆ బొమ్మను నా ఫోన్‌కు పంపించింది. చాలా బాగుంది. ఫోన్‌లో ఉన్న అన్ని ఫోటోలతో పాటు అదీ ఒకటయింది.

మంచి కాపీ ఒకటి ఏరి, తిప్పి, ఒక గుడ్డ మీద దింపి తెచ్చింది. పనిలో లోటేమీ లేదు. కుడి చెయ్యి కుడి చెయ్యిగానే ఉంది. చూస్తే రబ్బరు గ్లవుజు మాదిరి ఉంది. నేను బాగుందన్నాను. ఆ అమ్మాయి నా మొహం చూసి, బాగాలేదు లెండి అని మడిచి సంచిలో పెట్టుకుంది.

నాకు కావలసింది బొమ్మ కాదని అప్పుడు తెలిసింది. ఆ రోజు జయంతి చేతిని తాకి తిరిగి వచ్చిన వెలుతురు ఆ పొడిని అక్కడక్కడ నిలబెట్టింది. ఆ పొడే కావాలి. అది రోజు రోజుకూ ఊడిపోతోంది. వదిలేస్తే ప్లాస్టిక్‌కు పోతుంది. దింపబోతే ఒకేసారి మొత్తం పోవచ్చు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒరిజినల్‌నే దింపితే ముందుగా తిప్పడానికి వీలుండదు. కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయిపోతుందని రంజిత హెచ్చరించింది.

ఆ సంగతి వదినెతో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టేసింది.

"ఏమప్పా, పెండ్లాం చెయ్యిని నీళ్ళలో నానబెట్టి ఉతికి ఆరేస్తావా?" అంది. "అదీ చాలక ఎడం చెయ్యి చేస్తావా? ఎడం చేత్తో ఎవురికైనా గంధం ఇచ్చిందా అది? బిడ్డకు కాటుక పెట్టిందా?"

ఎడమ చెయ్యి సంగతి నాకూ గుచ్చుకుంటూనే ఉంది. జయంతి ఎడమ చేత్తో ఎవరికీ ఏదీ ఇచ్చేది కాదు. చంకలో ఎవరి పిల్లవాడున్నా, బిందె ఉన్నా, దించి కుడి చెయ్యి చాపేది. అట్లాంటి మనిషిని నా చేతులారా తిప్పేయాలా? తిప్పకపోతే అసలు లేకుండా పోతుందే? లేచి పైకి వచ్చేశాను. కవరు తీసి చూసుకోవాలనిపించింది. చూసుకుంటే మళ్ళీ ఎక్కడ కదులుతుందోనని భయం. చెయ్యి పెట్టుకోవడం మానేసి చాలా రోజులయింది. గూటి ముందు నిలబడి, కవరున్న చోటుకేసి చూసి, దీపం పెట్టి వచ్చేసేవాణ్ణి. దగ్గరే ఉన్న మనిషిని తాకకూడదని ఎవరో కట్టడి చేసినట్టుండేది.

ఆ కార్తీకంలో ముసురు పట్టింది. ఇంట్లో గోడలు, బట్టలు, అన్నీ చెమ్మగిల్లాయి. ఒక పొద్దున చూస్తే కవరు లోపల ఆవిరి పట్టినట్టుంది. కాగితం ఒక పక్క ఉబ్బింది. చిటికెన వేలు మొదలుదాకా కవరుకు అంటుకుంది. బొటనవేలి కింది మచ్చ దగ్గర కూడా మెరుస్తోంది.

కవరు పట్టుకుని కిందికి దిగాను. వదినె కళ్ళజోడు పెట్టుకుని చూసింది. లోపలికి పోయి బీరువా తెరిచి చాలాసేపు వెతికి, మడత పెట్టిన తెల్ల గుడ్డ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. జయంతి తలగడ గలేబు. ఉతికి ఉతికి మల్లు గుడ్డలాగా మెత్తబడింది. ఆమె పోయిన తరువాత బట్టలన్నీ వదినే సర్దింది. ఇది తన దగ్గర ఉంచుకుందని నాకు తెలియదు.

"నూలుదే," అంది. "ఎడమో కుడో, అది పొయ్యేలోగా ఎత్తుకో."

బీచ్ స్టేషన్‌లో రైలెక్కి మైలాపూరులో దిగాను. కిక్కిరిసిన పెట్టె. నా చేతిలోని అట్టల కట్ట నలగకుండా పట్టుకోవడానికి అవస్థ పడుతుంటే, కిటికీ పక్కనున్న పెద్దాయన తన టిఫిన్ సంచిని కాళ్ళ కిందికి నెట్టుకుని, ఈడ పెట్టండి అన్నట్టు తన ఒడిని చూపించాడు. దిగేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. లోపలేముందని అడగలేదు. దిగేటప్పుడు భద్రంగా నా చేతికిచ్చాడు.

రంజిత గది చిన్నది. ఒక బల్ల, తాళ్ళకు ఆరేసిన గుడ్డలు, కిటికీలో తులసి కుండీ. కవరును ముందు ఫ్రిజ్‌లో పెట్టింది. చలికి ప్లాస్టిక్ పట్టు కొంచెం సడలుతుందట. తరువాత కవరును మూడు వైపులా కత్తిరించి, తట్టు పోసిన చంటిపిల్ల మీంచి దుప్పటి తీసినంత నెమ్మదిగా ప్లాస్టిక్‌ను లేపింది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. చాలావరకూ కాగితం మీదే ఉందని ఆమె చెప్పిన తరువాతే చూశాను. చిటికెన వేలి కొస, చుక్కల వరుస ప్లాస్టిక్‌తోనే పోయాయి. మచ్చ మిగిలింది.

గలేబును కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, బల్ల మీద పరిచింది. కాగితం మీద మీడియం పూసింది. నల్లటి చెయ్యి పాలపొరలో మునిగినట్టు కనబడకుండా పోయింది. కాగితాన్ని బోర్లా గుడ్డ మీద పెట్టి, రోలరుతో నొక్కింది. ఇంక బల్ల మీద ఉన్నది ఒక తెల్ల కాగితం వెనకవైపు, అంతే. రేపు రండి అంది. నేను చెప్పులు వేసుకుని మళ్ళీ విప్పి, ఫ్యాను గాలికి కాగితం లేస్తుందేమోనని అడిగాను. లేవదు, అంటుకునే ఉంది, రేపు పొద్దున్నే రండి అని నవ్వింది.

రెండో రోజు నేను పోయేసరికి ఆమె పళ్ళెంలో నీళ్ళు, స్పాంజి సిద్ధంగా పెట్టుకుని ఉంది. కానీ మొదలుపెట్టలేదు. ఇది మీరు చెయ్యాల అంకుల్ అంది. నాకు చేతకాదన్నాను. గోరు తగలనీకండి, వేలి మెత్తతో రుద్దండి, నేను పక్కనే ఉంటా అని స్పాంజితో కాగితం తడిపింది. తడిసిన చోటల్లా లోపల నీడగా ఏదో కనబడసాగింది.

వేలు పెట్టి రుద్దాను. కాగితం చిన్న చిన్న వత్తులుగా చుట్టుకుని రాలింది. పెళ్ళిలో నలుగు పెట్టినప్పుడు ఒంటి మీంచి పిండి అట్లాగే రాలుతుంది. మా పెళ్ళిలో, ఇద్దరినీ పక్కపక్కన పీటల మీద కూర్చోబెట్టి నలుగు పెడుతుంటే, జయంతి చెయ్యి చక్కిలిగింతలకు ముడుచుకుంటూ ఉండేది. మా అత్త ఒకామె వేళ్ళు విడదీసి పట్టుకుని మరీ రుద్దింది. ఆ చెయ్యి మీదే ఇప్పుడు నేను రుద్దుతున్నాననిపించింది. కొంచెం తీసి, తడిపి, మళ్ళీ రుద్దాను. ముందు చుక్కలు బయటపడ్డాయి. తరువాత చూపుడు వేలు, నడిమి వేలు. అరచెయ్యి దగ్గరికి వచ్చేసరికి గీతలు, ఆయువు గీత కూడా. ఆ గీత చూసి ఒక జోస్యుడు నూరేళ్ళన్నాడు. అతణ్ణి తప్పుపట్టబుద్ధి కాలేదు. గీత మటుకు పొడుగ్గానే ఉంది.

మణికట్టు దగ్గర కొంచెం గట్టిగా రుద్దినట్టున్నాను. కాగితంతో పాటు నలుపు కూడా లేచి వచ్చింది. ఒక గాజు చెరిగిపోయింది. రంజిత నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"చాలు అంకుల్. ఇంక ఆరినాక మిగిలింది నేను తీస్తా. పట్టుకుంది చూడండి."

పట్టుకుంది. మచ్చ ఉంది. వంగిన చిటికెన వేలు, కొస లేకుండా, ఉంది. ఆమె చెయ్యి ఆమె గలేబు మీద ఉంది. కానీ బొటనవేలు ఎడమ వైపుకు వచ్చింది. తెలిసినదే. రంజిత ముందే చెప్పింది. అయినా చూస్తుంటే, ముప్పై ఏళ్ళు పక్కన నడిచిన మనిషి ఒక్కసారి అటు పక్కకు మారి నడుస్తున్నట్టు, ఎక్కడో తప్పిపోయినట్టు అనిపించింది. రంజిత ఆ అరచేతి వైపు చూసి, సారీ అంకుల్, ఎడమదే అయింది అంది. నీ తప్పేముందమ్మా అన్నాను. ప్లాస్టిక్ కవరు తునక, వేలి కొస ఉన్నది, చిన్న కాగితం పొట్లంలో చుట్టి ఇచ్చింది. ఆ అమ్మాయికి చెప్పకుండానే తెలుసు, నేను అది అడుగుతానని.

గుడ్డ ఇంకా చెమ్మగా ఉంది. చుట్టకుండా, అట్ట మీద పరుచుకునే రైల్లో తెచ్చాను. ఇంటికొచ్చేసరికి మూడయింది. సముద్రం గాలి మొదలయింది. కింద వాకిట్లో వదినె కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. నాకోసమే కూర్చుందని తెలుస్తోంది. అట్టను లోపల బల్ల మీద పెట్టి, నేను పక్కకు నిలబడ్డాను.

ఆమె కళ్ళజోడు తుడుచుకుని వంగి చూసింది. చుక్కలు గుర్తుపట్టింది. అమ్మ మదురైనుంచి తెచ్చిన సుంగుడి చీర అంది. మచ్చ గుర్తుపట్టింది. అరటికాయ తరిగేటప్పుడు తెగింది, నేను చూడకుండా పసుపు అద్దుకుంది అంది. ఇంక ఎడమ చెయ్యి సంగతి ఎత్తుతుందని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె తన కుడి చెయ్యి చాపి, చెల్లెలి చెయ్యి పట్టుకున్నట్టు, ఆ గుడ్డ మీద బోర్లా పెట్టింది. బొటనవేలి మీద బొటనవేలు, చూపుడు వేలి మీద చూపుడు వేలు. తరువాత నా వైపు తిరిగింది.

"ఎవురప్పా దీన్ని ఎడం చెయ్యి అనింది?"

రంజిత అంది, నేనూ అన్నాను, నువ్వూ అన్నావు అని చెప్పాను.

"బొమ్మ మాదిరి చూస్తే ఎడమే," అంది. "కానీ పసుపులో ముంచి గోడకు అద్దితే గోడ మీద ఎట్ల పడతాది? ఇట్లనే గదా పడతాది. కుడి చెయ్యి అద్దినోళ్ళ కుడి చెయ్యే ఈడ సరిపోతాది. నీ కాయితంలో ఉండింది అది చూపించిన చెయ్యి. ఇది అద్దిన చెయ్యి."

నేను ఎంతమంది ఇళ్ళ గోడల మీద పసుపు చేతులు చూడలేదు? మా మింట్ వీధి ఇంటి వాకిట్లో మా అమ్మ చెయ్యి ఉండేది. చిన్నప్పుడు దాని మీద నా చెయ్యి పెట్టి కొలుచుకునేవాణ్ణి. ఎప్పుడూ కుడి చెయ్యే పెట్టేవాణ్ణి, ఎప్పుడూ వేలి మీద వేలే పడేది. రోజూ కాపీలు తిప్పి ఇచ్చే నాకు, తిప్పి దింపే రంజితకు, ఇద్దరికీ తట్టలేదు. ఎంతసేపూ బొమ్మగానే చూశాము.

వదినె చెయ్యి తీసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ ఓనరు పొయ్యి చానా ఏండ్లయింది గదా," అంది. "కొడుకేమీ అనడు. అంగట్లో గోడకు పెట్టు. వాకిలి పక్కన. అది పెట్టాలనుకున్న చోటే." కాఫీ కలుపుతానని లోపలికి పోయింది. పోతూ తలుపు దగ్గరగా వేసింది.

మిషన్ బిగించిన రోజు కిటికీలో ఉండిపోయిన పసుపు గిన్నె గుర్తుకొచ్చింది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు జయంతి ఆ పసుపును పారబోయలేదు. మెట్ల పక్కన వేప మొక్క మొదట్లో పోసింది. పోసి, ఒక్క క్షణం, ఖాళీ చెయ్యి అట్లాగే చాపుకుని నిలబడింది. ఎవరైనా పట్టుకుంటారేమోనన్నట్టు. నేను షట్టరు దించుతూ ఉన్నాను. తాళం వేసి వచ్చి ఆ చెయ్యి పట్టుకుని వీధి దాటించాను.

బల్ల మీదికి వంగి నా కుడి చెయ్యి గుడ్డ మీద పెట్టాను. బొటనవేలు బొటనవేలి మీద పడింది. నా వేళ్ళు ఆమె వేళ్ళకంటే కొంచెం పొడుగు. చిటికెన వేలు ఆమెది అయిపోయిన చోటు దాటి, కొస లేని ఆ తెల్లటి చోట ఆగింది. ఆమె వేలి ఒంపుకు సరిపోవాలని కొంచెం లోపలికి వంచాను.

గుడ్డ ఇంకా ఆరలేదు. చెయ్యి కింద చల్లగా, చెమ్మగా ఉంది. పసుపు నీళ్ళలోంచి అప్పుడే తీసిన చెయ్యి అంత చల్లగా.